ఇంజనుకు ఊపిరి

హైదరాబాదు నుండి బెంగుళూరుకు సాగే 44వ జాతీయ రహదారిపై, బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటడానికి ముందు వచ్చే పట్టణం పెబ్బేరు. ఇక్కడి పశువుల సంత పేరెన్నికగన్నది. సంతలో ఎద్దును కొనే రైతు దాని పళ్ళను, గిట్టలను పరీక్షిస్తాడు; నాలుగడుగులు నడిపించి ఊపిరిని గమనిస్తాడు. దుక్కిలో ఎద్దు స్థానాన్ని ట్రాక్టరు ఆక్రమించిన తరువాత కూడా ముఖ్యంగా చూడవలసింది ఆ ఊపిరినే.

ఒక లీటరు డీజిలు సంపూర్ణంగా దగ్ధం కావడానికి సుమారు 10,000 లీటర్ల గాలి అవసరం. ఇంధనాన్ని ఎక్కువగా పంపడం తేలిక. దానికి తగిన గాలిని సమకూర్చడమే కష్టం. గాలి చాలనప్పుడు పొగగొట్టం నుండి నల్లని పొగ వెలువడుతుంది. సగం కాలిన డీజిలు, అనగా రైతు సొమ్ము, ఆ రూపంలో ఆకాశానికి పోతున్నదన్నమాట.

సాదా ఇంజనులో పిస్టను కిందికి దిగినప్పుడు బయటి గాలి తనంతట తానే లోనికి వస్తుంది. టర్బో ఇంజను అంతటితో తృప్తిపడదు. బయటికి పోయే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండవ కొనన ఉన్న మరొక చక్రం గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది. కమ్మరి కొలిమితిత్తి చేసే పని ఇదే. అయితే తిత్తిని మనిషి ఆడించాలి. దీనిని వృథాగా పోయే పొగే ఆడిస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో దీనికి పేటెంటు పొందాడు.

ఇక చేతిలో కొద్దిపాటి సొమ్ము, ఇంటి ముందు మెకానిక్కుల మాటలో ‘బోరుకు వచ్చిన’ పాత ట్రాక్టరు ఉన్న రైతు సంగతి. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చి పూర్వపు శక్తిని తిరిగి రప్పించడమా? పాత ఇంజనుకే టర్బో బిగించడమా? రెండవది చూడడానికి చౌకబేరమే. కాని అదనపు గాలికి అదనపు డీజిలు తోడైతేనే శక్తి పెరుగుతుంది. ఆ ఒత్తిడిని, వేడిని పిస్టన్లు, హెడ్ గాస్కెట్టు, రేడియేటరు, క్లచ్చు, గేరుపెట్టె అన్నీ భరించాలి. వాటిలో బలహీనమైనది ముందుగా చెడుతుంది. సాధారణంగా అది దమ్ము చేసే రోజుల్లోనే, నీరు పెట్టిన మడి నడుమనే జరగడం రైతు దురదృష్టం.

సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో గాలి దాదాపు 30 శాతం పలుచన. అక్కడ టర్బో ఎంతో మేలు. పెబ్బేరు ఎత్తు 400 మీటర్లకు లోపే. 42 డిగ్రీల ఎండలో సైతం, 15 డిగ్రీల చలినాటి గాలితో పోలిస్తే తగ్గేది సుమారు 9 శాతమే. కనుక పాత ఇంజనును ఉన్నదున్నట్లుగా బాగుచేయించి, గాలి వడపోతను శుభ్రంగా ఉంచడమే ఇక్కడి రైతుకు లాభం.

కర్మాగారంలోనే టర్బోతో రూపొందిన ఇంజను సంగతి వేరు. దాని భాగాలన్నీ ఆ భారానికి తగినట్లు తయారవుతాయి. గంటల తరబడి రోటవేటరు లాగేవారికి, బాడుగకు దున్నేవారికి అది కిట్టుబాటవుతుంది. అయితే దాని ఇరుసు నిమిషానికి లక్షసార్లకు పైగా తిరగగలదు. దానికి నూనె పొరే ఆధారం. బరువుపని ముగిసిన వెంటనే ఇంజను ఆపితే నూనె ఆగుతుంది, కాగిన ఇరుసు తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల గట్టుకు చేరిన తరువాత రెండు మూడు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా నడవనిచ్చి, ఆ పిమ్మట తాళంచెవి తిప్పాలి.