విదేశంలో పెళ్లంటే ముందు చూడాల్సింది ఇంట్లో బీరువా

మన సంఘం ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "అబ్బాయి అక్కడే పెళ్లి చేసుకుంటానంటున్నాడండీ. పెళ్లి కాలేదన్న సర్టిఫికెట్ ఏదో కావాలట. ఎక్కడిస్తారు?" అడిగేది తల్లో తండ్రో అయి ఉంటారు. పెళ్లికి నెల రోజులు కూడా ఉండవు.

మన పిల్లలు హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో పుట్టి పెరిగి విదేశాలకు వెళ్లారు. అక్కడి పెళ్లి రిజిస్ట్రారుకు వాళ్లు విదేశీయులు. తామెవరో, ఎక్కడ ఎవరికి పుట్టారో, ఇంతకు ముందు పెళ్లయిందో లేదో కాగితం మీద చూపించాలి. పాస్‌పోర్టు పిల్లల దగ్గరే ఉంటుంది. మిగతా కాగితాలు తయారయ్యేది మన ఊళ్లోనే, తిరగాల్సింది మనమే.

ఈ మాట నా ఇంటి అనుభవంతోనే చెబుతున్నాను. ఉద్యోగమంతా గుమాస్తాగా ఇతరుల ఫైళ్లు సరిచూస్తూ గడిపాను. మా అమ్మాయి జనన సర్టిఫికెట్‌లో పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని ఆమెకు 29 ఏళ్లు వచ్చాక గానీ తెలియలేదు. 1995లో ఆసుపత్రి వాళ్లు "ఆడబిడ్డ" అని నమోదు చేశారు. నామకరణం తర్వాత మళ్లీ మునిసిపాలిటీకి వెళ్లి పేరు ఎక్కించాల్సింది నేను, వెళ్లలేదు. బడిలో ఆ కాగితం ఎవరూ పట్టి చూడలేదు. 2016 డిసెంబరులో నిబంధన సడలించాక పాస్‌పోర్టుకు కూడా బడి టీసీ, ఆధార్ సరిపోయాయి. జర్మనీలో పెళ్లి నమోదు ఆఫీసు మాత్రం అదే కాగితం అడిగింది. పెళ్లి అయిదు నెలలు వెనక్కి పోయింది. మా టికెట్ల డబ్బు పోయింది. అంతకన్నా, అమ్మాయికి ఏం జవాబు చెప్పాలో తెలియలేదు.

పెళ్లి కాలేదని ఎవరు చెప్పాలి?

చాలా యూరప్ దేశాల్లో ప్రతి పౌరుడి పుట్టుక, పెళ్లి, విడాకులు ప్రభుత్వ రిజిస్టర్లలో వరసగా నమోదవుతాయి. ఒకరికి పెళ్లయిందో లేదో రిజిస్టరు చూసి చెప్పేయగలరు. మన దగ్గర అలా కాదు. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆచారం మేరకు జరిగిన పెళ్లి, నమోదు కాకపోయినా చెల్లుతుంది. అందుకని ఫలానా మనిషికి పెళ్లి కాలేదని రిజిస్టరు చూసి రాసివ్వగల ఆఫీసు దేశంలో ఎక్కడా లేదు.

దాని బదులు మన దగ్గర ఉన్నవి రెండు దారులు. ఒకటి, తల్లిదండ్రులు గానీ పెళ్లి చేసుకునేవారు గానీ ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్. రెండు, రెవెన్యూ శాఖ విచారించి ఇచ్చే సర్టిఫికెట్. తమిళనాడులో దీన్ని ఈ-సేవై కేంద్రంలో దరఖాస్తు చేస్తే తాసిల్దారు ఇస్తారు. కొన్ని దేశాల్లో అక్కడి మన రాయబార కార్యాలయం కూడా ఇలాంటి పత్రం ఇస్తుంది, కానీ దానికీ ఇక్కడి అఫిడవిట్టే ఆధారంగా అడుగుతుంది.

ఇదివరకు పెళ్లయి విడిపోయినవారికి కోర్టు డిక్రీ నకలు, జీవిత భాగస్వామి చనిపోయి ఉంటే మరణ సర్టిఫికెట్ ఉండాలి. మన కుటుంబాల్లో కొందరు కులపెద్దల ముందు కాగితం రాసుకుని విడిపోయినవారున్నారు. కులాచారంగా వచ్చిన విడాకులను మన చట్టం కొంతవరకు ఒప్పుకుంటుంది. విదేశీ ఆఫీసుకు మాత్రం ఆ కాగితం అర్థం కాదు. అలాంటివారు ముందుగా న్యాయవాదిని కలిసి కోర్టు ద్వారా తేల్చుకోవడం మంచిది.

పేరు దగ్గరే అసలు చిక్కు

ఇతర రాష్ట్రాల్లో స్థిరపడిన మనకు ఈ చిక్కు రెట్టింపు. ఆంధ్రలో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో పుట్టిన మన పిల్లలకు తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్, ఇంటిపేరు జారిపోతుంది. మహారాష్ట్రలో మధ్యలో తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పెళ్లయిన స్త్రీకి ఆ రెండూ మారతాయి గనుక తల్లి పేరు ఒక కాగితంలో ఒకలా, మరో కాగితంలో మరోలా ఉంటుంది.

పైగా లిపి సమస్య. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. సర్టిఫికెట్ తమిళంలో మాత్రమే ఉంటే, అక్షరం వెంట అక్షరం అనువదించేవారి చేతిలో భార్గవి "పార్కవి" అవుతుంది, గాయత్రి "కాయత్రి" అవుతుంది. ఒడియాలో "వ" బదులు "బ" రాయడం వాడుక గనుక బరంపురం వెంకటరావు "బెంకటరావు" అవుతాడు. మనకు ఇది నవ్వులాట. రిజిస్ట్రారుకు మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా ఇబ్బందే. అమెరికా వీసాలో అలాంటివారి పేరు మొత్తాన్నీ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని వేస్తారు, అంటే మొదటి పేరు తెలియదని. 2022 నవంబరులో యూఏఈ ఒంటి పేరు పాస్‌పోర్టులతో సందర్శక వీసాలు ఇవ్వబోమని ప్రకటించింది.

వీటికి విరుగుడు ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 14వ సెక్షన్ కింద బిడ్డ పేరు తర్వాత చేర్పించవచ్చు. మొదటి 12 నెలల్లో రుసుము లేదు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేరుస్తారు. 15 ఏళ్లు దాటినవారి కోసం ప్రభుత్వాలు మధ్యమధ్య గడువు పొడిగిస్తుంటాయి. మా అమ్మాయి విషయంలో అలాంటి పొడిగింపు అమల్లో ఉండబట్టి గట్టెక్కాం. అక్షర దోషాలను 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారు సరిదిద్దవచ్చు. అసలు నమోదే జరగనివారికి ఆలస్య నమోదు ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, పుట్టి ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా వారు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకోవాలి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. పాస్‌పోర్టులో తప్పుంటే పిల్లలు అక్కడి కాన్సులేట్‌లోనే కొత్తది తీసుకోగలరు. జనన రిజిస్టరు మాత్రం పుట్టిన ఊళ్లోనే మారుతుంది.

ముద్రల వరస

కాగితం సరిగ్గా ఉంటే చాలదు, అది నిజమైనదని ప్రభుత్వం ముద్ర వేయాలి. ఈ ముద్రనే అపోస్టిల్ అంటారు. 1961 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. ముందు కాగితం పుట్టిన రాష్ట్రంలోని హోంశాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ ధ్రువీకరించాలి. తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ వేస్తుంది. ప్రభుత్వ రుసుము కాగితానికి 50 రూపాయలు, ఏజెన్సీ ఖర్చు వేరు. విదేశాంగ శాఖ నేరుగా మన చేతినుంచి తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. వాటి పేర్లు శాఖ వెబ్‌సైటులో చూసుకుని వెళ్లండి, వేలకు వేలు అడిగే దళారుల దగ్గరికి కాదు.

బరంపురంలో పుట్టి బెంగళూరులో ఉంటున్నవారి జనన సర్టిఫికెట్‌కు ఒడిశా ముద్రే పడాలి, కర్ణాటకది పనికిరాదు. అనువాదం మాత్రం ముద్రలన్నీ పడ్డాక చేయించండి. ముద్రలోని మాటలను కూడా అనువదించమంటారు. కొన్ని దేశాలు తమ దగ్గర ప్రమాణం చేసిన అనువాదకుడే చేయాలంటాయి. ముందే అడిగితే రెండుసార్లు ఖర్చు తప్పుతుంది.

దేశానికో దారి

జర్మనీ: మన దేశం హేగ్ ఒప్పందంలో చేరడంపై జర్మనీ అభ్యంతరం చెప్పింది గనుక అక్కడ మన అపోస్టిల్ చెల్లదు. జర్మన్ ఆఫీసు కోరితే ఇక్కడి జర్మన్ కాన్సులేటు మన కాగితాలను విడిగా సరిచూయిస్తుంది. దీనికి నెలలు పడుతుంది. ఆపైన, పెళ్లికి అడ్డంకి లేదనే పత్రం మన దేశం ఇవ్వదు గనుక అక్కడి ఉన్నత ప్రాంతీయ కోర్టు అధ్యక్షుడి నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ మినహాయింపు ఆరు నెలలే చెల్లుతుంది. ఇంత తిరగలేక చాలా జంటలు డెన్మార్క్ వెళ్తారు. అక్కడ 2019 నుంచి ఒకే సంస్థ కాగితాలు చూసి పత్రం ఇస్తుంది, దాన్ని నాలుగు నెలల్లోగా వాడుకోవాలి.

ఇంగ్లండ్: రిజిస్టర్ ఆఫీసులో 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. విదేశీయుల విషయంలో అది 70 రోజులకు పెరగవచ్చు. పెళ్లి కోసమే వెళ్లేవారికి వేరే వీసా ఉంది, మామూలు సందర్శక వీసా చాలదు.

అమెరికా: అమెరికా పౌరుడిని చేసుకోవడానికి కే-1 వీసాపై వెళ్తే 90 రోజుల్లోగా పెళ్లి జరగాలి. పెళ్లి లైసెన్సు కౌంటీ ఆఫీసు ఇస్తుంది, నియమాలు రాష్ట్రానికో తీరు.

యూఏఈ: హేగ్ ఒప్పందంలో లేదు. విదేశాంగ శాఖ ధ్రువీకరణ తర్వాత ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ముస్లిమేతరుల కోసం 2023 ఫిబ్రవరి నుంచి అక్కడ దేశమంతటికీ సివిల్ వివాహ చట్టం ఉంది.

మన రాయబార కార్యాలయంలోనే పెళ్లి చేసుకునే వీలు విదేశీ వివాహ చట్టం 1969 కల్పించింది. ఇద్దరిలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి, ఒకరు అక్కడ 30 రోజులు నివసించి నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు మరో 30 రోజులు. ఆ దేశ చట్టం ఒప్పుకుంటేనే ఇది సాధ్యం.

యానాం కుటుంబాలకు

యానాంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలకు లెక్క తిరగబడుతుంది. ఫ్రెంచి పౌరుడు ఇక్కడ పెళ్లి చేసుకోవాలంటే ముందుగా పుదుచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేటు నుంచి వివాహార్హత పత్రం తీసుకోవాలి. దానికి ముందు వాళ్లు పెళ్లి ప్రకటన అంటిస్తారు. పెళ్లి తర్వాత ఫ్రెంచి రిజిస్టరులో ఎక్కించుకోవాలి. ఈ వరస తప్పితే కోడలి వీసా దగ్గర అంతా ఆగిపోతుంది. ఫ్రాన్సులోనే చేసుకుంటే మేయరు ఆఫీసులో సివిల్ పెళ్లి ముందు, మతపరమైన పెళ్లి ఆ తర్వాత.

తాళి ఒక్కటే చాలదు

విదేశంలో గుడిలో పంతులుగారు శాస్త్రోక్తంగా చేయించినంత మాత్రాన చాలా దేశాల్లో అది చట్టం ముందు పెళ్లి కాదు. ఆ ఆఫీసులో సంతకం పడాలి. ఏళ్ల తర్వాత వీసాకో, ఆస్తికో, పిల్లల పౌరసత్వానికో ఇది బయటపడితే నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లే. వధూవరులిద్దరూ మన దేశ పౌరులే అయితే పెళ్లి ఇక్కడే చేసి, నమోదు చేయించి, ఆ సర్టిఫికెట్‌కు ఆ దేశం అడిగే ముద్రలు వేయించుకోవడం అన్నిటికన్నా తేలిక.

పెళ్లి సంబంధం కుదిరేదాకా ఆగనక్కరలేదు. పిల్లలు విదేశంలో ఉన్న ప్రతి ఇంటివారూ ఈ ఆదివారం బీరువా తెరిచి జనన సర్టిఫికెట్, పాస్‌పోర్టు నకలు, బడి టీసీ పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఊరు అక్షరం పొల్లు పోకుండా కలుస్తున్నాయా? కలవకపోతే ఆ కాగితాలు పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. దరఖాస్తు నేనే రాసిపెడతాను.