కరువులో క్లౌ దొర కాలువ పని

ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్ర ఎవరు చెప్పినా 1878 జులై 3 దగ్గర కాసేపు ఆగుతారు. ఆ ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నీ రెండ్లే కావడంతో ఆ అంకె జనం నోళ్ళలో ఇట్టే నిలిచిపోయింది. అంతకుముందు కరువు కాలంలో అదే మిషన్ చేయించిన మట్టిపని సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం కావడంతో ధాత కరువనే పేరు పడింది. రెండేళ్ళపాటు దక్షిణాది అల్లాడిపోయింది. బ్రిటిష్ ఇండియా మొత్తం మీద 50 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. దేశంలో గింజలే లేవా అంటే ఉన్నాయి. రైళ్ళు ధాన్యం మోస్తూనే ఉన్నాయి, ఓడల్లో గోధుమలు ఇంగ్లండుకు వెళ్తూనే ఉన్నాయి. అయితే ఆ ధరకు కొనగలిగే కూలివాడే లేడు.

ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెలు అందరికన్నా ముందు దెబ్బతిన్నాయి. మోటకు తోలు బాన, కాడికి వార్లు, కాళ్ళకు చెప్పులు ఏడాదంతా రైతుకు అందిస్తే, పంట నూర్చినప్పుడు కళ్ళంలో మేర కొలిచిచ్చేవారు. వాళ్ళ జీతమంతా అదే. పంటే లేనప్పుడు కళ్ళమెక్కడిది, మేరెక్కడిది? గొడ్లు చచ్చిపోతున్న కొద్దీ చేతినిండా తోళ్ళు వచ్చాయి గాని, వాటితో చేసిన సరుకు కొనేవాడు కనిపించలేదు. ఒంగోలు మిషన్ సభ్యుల్లో ఎక్కువమంది ఈ పల్లెల వాళ్ళే.

సర్కారు కరువు పనులు తెరిచింది. ఖర్చు తగ్గించమన్న ఆజ్ఞతో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. పౌనంటే మన లెక్కలో అరకిలోకు తక్కువ. పొద్దస్తమానం మట్టి తవ్వే మనిషికి ఆ తిండి సరిపోదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాక గాని కూలి మళ్ళీ పెరగలేదు. మాదిగలకు దీనికి తోడు ఇంకో బాధ ఉండేది. పని చూపించే మేస్త్రీలు, కొలతలు వేసేవాళ్ళు వేరే కులాలవాళ్ళు. తిట్లు తిని, చేసిన పనికి పూర్తి కూలి దక్కక వెనక్కి వచ్చేవారు.

ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేశాడు. 1866 నుంచి ఒంగోలులో ఉన్నాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువను కరువు పనిగా తవ్విస్తున్న రోజులవి. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరే దానికి వచ్చింది. ఆ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పాదిరి కాంట్రాక్టరవడం అప్పుడే కాదు, ఇప్పుడైనా వింతే. గంజి కేంద్రం పెట్టి ఊరుకుంటే ఆయనకు పని తేలికయ్యేది. దానికి బదులు కొలతలు, లెక్కలు, కూలి బట్వాడా నెత్తిన పెట్టుకున్నాడు. సర్వే నేర్చిన చెయ్యి అక్కడ అక్కరకొచ్చింది.

కాలువ గట్టున పాకలు లేచాయి. మగవాళ్ళు పలుగూ పారా పట్టి తవ్వితే ఆడవాళ్ళు తట్టల్లో మట్టి గట్టు మీదికి ఎత్తిపోశారు. తవ్విన గుంట కొలిచి, దాన్నిబట్టి కూలి కట్టేవారు. మేస్త్రీలుగా ఉన్నవాళ్ళు మిషన్ బోధకులు. వాళ్ళలో చాలామంది కూలీల చుట్టాలే కావడంతో తిట్టే నోరు, కూలి కోసే చెయ్యి అక్కడ లేకుండా పోయాయి. కలరా వచ్చి కొందరిని తీసుకుపోయినా పని సాగింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పగలు గుంట కొలిచే మనిషే సాయంత్రం బైబిలు కథ చెబుతాడు. ఆకలితో ఉన్నవాడు ఆ కథ వినడా? కూటి కోసం మతంలో కలిశారన్న మాట రేపు తప్పకుండా వస్తుందని క్లౌకు తెలుసు. అందుకే 1877 మార్చి నుంచి 15 నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్ళను తిప్పి పంపేశాడు. కాలువ పని, సాయం డబ్బు రెండూ అయిపోయాకే, ఇక ఇచ్చేదేమీ లేదని ముందే కబురు పెట్టి, 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. అయినా జనం విరగబడి వచ్చారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536.

వాళ్ళంతా తిండి కోసమే వచ్చారనడం తేలికే గాని, తిండి పెట్టడం ఆగాక వచ్చారన్న సంగతి దానికి అడ్డం తగులుతుంది. ఆకలికీ నమ్మకానికీ మధ్య క్లౌ గీసిన గీత అక్కడక్కడా చెరిగిందనీ ఒప్పుకోవాలి. పొద్దున మేస్త్రీ, రాత్రి బోధకుడు అయిన మనిషి ముందు కూలివాడికి పూర్తి స్వేచ్ఛ ఉంటుందా? పైగా ఎవరూ పలకరించని రోజుల్లో కూలి లెక్క సరిగ్గా కట్టి, పేరు పెట్టి పిలిచినవాళ్ళ వైపు మనిషి మొగ్గడంలో ఆశ్చర్యమేముంది? మాదిగ పల్లెల గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో పుస్తకం తెచ్చారు. అందులో ఈ జనం మిషన్‌తో పరిచయానికి ముందు నుంచే తమ గురువుల వెంట ఏదో వెతుక్కుంటూ ఉన్నట్టు కనిపిస్తారు.

కరువు ముగిశాక సర్కారు 1880లో ఫ్యామిన్ కమిషన్ నివేదిక తెప్పించుకుంది, 1883లో ఫ్యామిన్ కోడ్ రాయించింది. ఒళ్ళు వంచగలిగిన వాళ్ళకు పని చూపించి కూలి ఇవ్వడం, పని చేయలేని వాళ్ళకు ఉచితంగా తిండి పెట్టడం అందులో ముఖ్యమైన అంశాలు. క్లౌ కాలువ దాని కన్నా ముందుది. ఒంగోలు మిషన్ ఆ రెండేళ్ళలో చేసిన పనుల్లో నేటికీ తీసిపారేయలేనిది బాప్తిస్మాల లెక్క కాదు, మాదిగ కూలీకి కొలత తప్పకుండా కూలి ముట్టజెప్పిన ఆ మూడున్నర మైళ్ళ కాంట్రాక్టే.