ఏం పిల్లడో పాట ఎవరిది? | వంగపండు కథ | ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్

మొన్న అమలాపురంలో టీ తాగుతుంటే మా బీటెక్ ఫ్రెండ్ అడిగాడు: "అమెరికానా అంటారు కదరా, అలా సొంతంగా పాటలు రాసుకుని పాడుకునేవాళ్ళు మన తెలుగులో లేరా?" ఉన్నారండి. ఈ ఎపిసోడ్ ఆయన గురించే.

ముందు అమెరికానా సంగతి చూద్దాం. ఫోక్, కంట్రీ, బ్లూస్ లాంటి అక్కడి మట్టి సంగీతాలు కలిసిన జానర్ అది. జాన్ ప్రైన్‌నే తీసుకోండి. షికాగో దగ్గర ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్. వీధులు తిరుగుతూనే పాటలు కట్టుకునేవాడు. 1971లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1980ల్లో పెద్ద కంపెనీల్ని వదిలేసి సొంత లేబుల్ పెట్టుకున్నాడు. ఆ లేబుల్ మీద చేసిన ఆల్బమ్‌కి గ్రామీ కూడా వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. వంగపండు ప్రసాదరావు గారు. 1943లో పుట్టారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లి ఆయన ఊరు. విశాఖ షిప్‌యార్డ్‌లో ఫిట్టర్ ఉద్యోగం. రాసేది ఆయనే, బాణీ కట్టేది ఆయనే, గజ్జె కట్టి ఆడి పాడేదీ ఆయనే. 1972లో మొదలైన జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో గద్దర్‌తో పాటు ఆయనా ఒకరు.

మరి లేబుల్ లేకుండా పాట ఊరూరా ఎలా తిరిగింది? "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" చూడండి. శ్రీకాకుళం పోరాటం నేపథ్యంలో పుట్టిన పాట. ఎల్దమొస్తవ అంటే వెళ్దాం, వస్తావా అని. పల్లవే ఒక పిలుపు. పక్కవాడు వెంటనే అందుకోగలడు. ఉత్తరాంధ్ర జనం మాట్లాడే మాటే కాబట్టి నేర్చుకోనక్కర్లేదు. సభలో విన్నవాళ్ళు ఇంటికెళ్ళి పాడుకునేవారు. ఆయనకి జనం నోరే లేబుల్.

కానీ ఇందులో ఒక నష్టం ఉందండి. నోటి మీద వెళ్ళే పాట పల్లవిని మోసుకెళ్తుంది గానీ, పేరుని దారిలోనే వదిలేస్తుంది.

ఈ మాట వేరేవాళ్ళని అనట్లేదు, నా గురించే చెప్తున్నా. 2009లో మగధీర వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. ఆ పల్లవి సినిమాలో వినపడగానే ఈలలు వేశాం. ఎవరు రాశారని ఒక్కడూ అడగలేదు. ఉద్యోగంలో చేరాక అదే పాట పెట్టి ఒక వీడియో చేసి, కింద "పాత జానపదం" అని రాశా. 2020 ఆగస్టు 4న వంగపండు గారు పోయారని వార్తల్లో చూశాక గానీ నాకు తెలియలేదు. నేను పాతది, ఎవరిదీ కాదు అనుకున్న పాట రాసిన మనిషి అప్పటిదాకా బతికే ఉన్నారు! వెళ్ళి కలిసి ఉండొచ్చు. ఆ వీడియో కింద పేరు మార్చా, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

మా సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్ అని ఉంటుంది. ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒక్కటే షరతు: రాసినవాళ్ళ కాపీరైట్ లైను తీసేయకూడదు. ఎవరో తెలియనివాళ్ళ కోడ్‌లో ఆ లైను జాగ్రత్తగా ఉంచిన నేను, మన పాట దగ్గర మాత్రం పట్టించుకోలేదు.

అందుకే మీకొక చిన్న పని. మీ ఊళ్ళో అందరూ పాడే పాట ఏదైనా ఉంటే, "జానపదం" అని రాసే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి. ఎవరు కట్టారో తెలిస్తే పేరు రాయండి. ఆ మనిషి ఉంటే వెళ్ళి కలవండి.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి!