ఏనుగును కొని యంకుశమునకు బేరమా?

ఏనుగును కొని యంకుశమునకు బేరమాడినట్లని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెత మోటారుకారు టైర్లకు సరిగా నతుకునని యీ నడుమ మాకు దోచినది. టైర్ల ముచ్చట పురుషులది గదా, స్త్రీల పత్రిక కేల యని సోదరీమణు లనవచ్చును. ఇంటి జమాఖర్చులు వ్రాయువారము మనము. బయలుదేరినవారు క్షేమముగా దిరిగివచ్చువరకు వీధివాకిలివైపు చూచుచుండువారమును మనమే. కావున నీ విషయము మనకు దెలిసియుండుట మంచిది.

మా చెల్లెలి కుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, డల్లాస్ నగరమున నుద్యోగము చేయుచున్నాడు. అతడు కడచిన యేట పాత మాజ్దా మియాటా నొకదానిని గొన్నాడు. అది 1989వ సంవత్సరమున షికాగో మోటారు ప్రదర్శనమునందు దొలుత జూపబడిన రకము. రెండే యాసనములు, మడచుటకు వీలగు కప్పు, తక్కువ బరువు; ఇంజను బలమంతయు వెనుక చక్రములకే పోవును. మలుపులయందు చురుకుగా దిరుగుటయే దాని గొప్ప. అయితే కారు జారబోవునపుడు తనంతట దాని నదుపుచేయు స్టెబిలిటీ కంట్రోలు అను సాధనము ఆ పాత కార్లలో లేదు. ఆ భారమంతయు టైర్లమీదను, నడుపువాని నేర్పుమీదను బడును.

అమ్మినవాడు “గొప్ప కంపెనీ టైర్లు వేయించితి”నని చెప్పగా మావాడు నమ్మినాడు. ఒకనాడు చిరువానలో మలుపు తిరుగుచుండగా కారు వెనుకభాగము జారి, బండి గిర్రున దిరిగి త్రోవ కడ్డముగా నిలిచినది. ఆ క్షణమున ఎదుట మరియొక బండి రాకుండుట దైవానుగ్రహము. ఆ రాత్రి ఫోనులో, “దొడ్డమ్మా, టైర్లు మార్చవలెను. చవుకరకము కొందునా, మేలిరకము కొందునా? నాలుగింటికి రెండువందల డాలర్లు తేడా వచ్చుచున్నది. అమ్మతో మాత్రము చెప్పకు” మన్నాడు. అడిగినవానికి తోచినట్లు చెప్పరాదు గనుక, చదివి తెలిసికొంటిమి.

ఒక్కొక్క టైరు నేలను దాకు చోటు ఇంచుమించు అరచేయంత. ఇంజ నెంత బలమైనదైనను, బ్రేకు లెంత మంచివైనను, ఆ నాలు గరచేతుల పట్టునకు మించి యేమియు జేయజాలవు. బ్రేకు నిలుపునది చక్రమును. కారును నిలుపునది టైరు. వేగము రెండింతలైనచో, బ్రేకు వేసిన పిమ్మట కారు నిలుచుటకు బట్టు దూరము నాలుగింత లగును. చవుకరకమునకును మేలిరకమునకును పొడినేలమీద, మెల్లని నడకలో, భేదము కానరాదు. తడినేలమీద గట్టిగా బ్రేకు వేసినపుడును, వేగముగా మలుపు తిరుగునపుడును రబ్బరు పాకమునందలి భేదము బయటపడును.

అమెరికాలో టైరు ప్రక్కభాగముననే కొన్ని గుర్తులు ముద్రింతురు. ట్రెడ్‌వేర్ అను అంకె పెద్దదైనకొలది టైరు ఎక్కువకాలము మన్నునని యర్థము. ట్రాక్షన్ అనుదాని క్రింద ఏఏ, ఏ, బి, సి అను తరగతులు కలవు. తడినేలమీద తిన్నగా పోవుచు ఆగుటలోని పట్టును మాత్రమే యవి చెప్పును, మలుపుల సంగతి చెప్పవు. పెద్ద అంకె జూచి మురియరాదు. మిక్కిలి మన్నిక గల రబ్బరు సాధారణముగా పట్టు తక్కువైనదై యుండును. చీరను మన్నిక జూచి కొందుము. ఇట్టి కారునకు టైరును పట్టు జూచి కొనవలెను.

అట్లని వెలయే ప్రమాణము కాదు. టైరుమీద డి.ఓ.టి. అను అక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకె లుండును; మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును దెలుపును. మావానిని చూడుమంటిమి. “3209” అని యున్నది. అనగా 2009వ సంవత్సరము 32వ వారమున దయారైనవి! కారు ఎక్కువగా దిరుగలేదు గనుక గాళ్లు లోతుగానే యున్నవి. కాని రబ్బరు గట్టిపడినది. పైకి బాగుగా గనబడినను పదియేండ్లు దాటిన టైర్లను వాడవద్దని తయారుచేయువారే చెప్పుదురు. పేరుగొప్ప ముసలి టైరుకంటె సామాన్యమైన క్రొత్తటైరు మేలు.

మిక్కిలి ఖరీదైన వేసవి టైర్లును అన్నివేళల దగవు. చలి 7 డిగ్రీలకు దిగినచో వాని రబ్బరు బిగిసి పట్టు తగ్గును. డల్లాసులోను మంచు గడ్డకట్టుట కలదు. 2021 ఫిబ్రవరిలో అక్కడి త్రోవలు గాజువలె నైనవి.

కావున మే మిట్లు చెప్పితిమి: “నాయనా, తడినేలమీద మంచి పట్టుగలవని పరీక్షలలో దేలిన, అన్ని ఋతువులకు దగిన క్రొత్తటైర్లు నాలుగును ఒక్కరకమువే కొనుము. ఎన్నడైన రెండే కొనవలసివచ్చినచో వానిని వెనుక వేయింపుము; వెనుక పట్టు తప్పిన కారును మరలించుట కష్టము. రెండువందల డాలర్లు నాలుగేండ్లకు బంచినచో నెలకు నాలుగు డాలర్లు. అది నీ యొకనాటి కాఫీ ఖర్చు.”

సోదరీమణులారా, వేగపుకారు ముసలిదగుకొలది వెల తగ్గును గాని దాని మేత తగ్గదు. పాతకారు కొనునపుడే టైర్ల వెలయు ప్రక్కన వ్రాసి కూడవలెను. ఆ మొత్తమునకు చేయి చాలనిచో సామాన్యమైన కారు కొనుటలో చిన్నతనము లేదు.

మావాడు క్రొత్తటైర్లు వేయించుకొన్నాడు. వానలో మెల్లగా నడుపుదునని మాట యిచ్చినాడు. ఏ టైరును ఆ మాటకు బదులు కాజాలదు. ఇక తల్లితో చెప్పవద్దన్న సంగతి. మా చెల్లె లీ పత్రికను మొదటి పుటనుండి తుదివరకు చదువును. కనుక ముందుగా మేమే ఫోనుచేసి చెప్పివేసితిమి.