పడవ నడుము

మా కడంబత్తూరు మిద్దె మీద ఒక పక్క నల్ల నీళ్ల ట్యాంకు, ఇంకో పక్క పులికాట్‌లో తెడ్డేద్దామని నేను మద్రాసులో పాతది కొన్న కయాక్. ఎండాకాలమంతా దాన్ని రెండు ఇటుకల మీద వదిలేశాను. ఆడి నెలలో దించి చూస్తే అడుగున ఇటుకంత సొట్టలు రెండు.

ట్యూషనుకొచ్చే పిల్ల అడిగింది: "ట్యాంకులో అన్ని నీళ్లుంటేనే వంగలేదే సార్, వట్టి పడవ ఎందుకు వంగింది?"

సరైన చోటే గిల్లింది. రెండూ ఒకే జాతివి. పాలిథీన్ పొడిని అచ్చులో పోసి, వేడిలో నాలుగు వైపులా తిప్పితే పొడి కరిగి గోడలకు అంటుకుంటుంది. ట్యాంకైనా కయాకైనా పుట్టేది అలాగే. ట్యాంకు అడుగు మొత్తం చదునైన గచ్చు మీద ఆనుతుంది. మీటరెత్తు నీళ్లు చదరపు సెంటీమీటరు మీద మోపే బరువు 100 గ్రాములే. వంపు తిరిగిన పడవ ఇటుకను తాకేది నాలుగు వేళ్ల మేర. బరువంతా అక్కడే.

పైగా ఎండ. పాలిథీన్ అణువులు పొడుగాటి గొలుసులు, పళ్లెంలో సేమ్యాల్లా పెనవేసుకుని ఉంటాయి కానీ ముడిపడి ఉండవు. కాసేపు నొక్కి వదిలితే వెనక్కి వస్తాయి. నెలల తరబడి నొక్కితే మెల్లగా జారి కొత్త చోట కుదురుకుంటాయి. వేడెక్కితే ఆ జారుడు ఇంకా ఎక్కువ. దీన్నే క్రీప్ అంటారు. సీలు తోలును చట్రానికి బిగించి కట్టిన ఎస్కిమోల కయాక్‌కు ఈ బెడద లేదు, బరువు మోసేది చట్రం. పాలిథీన్ 1933లో ఇంగ్లండు ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. ప్లాస్టిక్ కయాక్‌లు 1970లలో వచ్చాయి. ఆ కథ అంతటితో చాలు.

నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. రెండే మోపులుంటే ఎక్కడ పెట్టాలి? కొనల్లో పెడితే నడుము దిగుతుంది, మధ్యకు జరిపితే కొనలు వాలతాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఖగోళ శాస్త్రజ్ఞులు ఎయిరీ, బెస్సెల్ కొలత కడ్డీల కోసం ఈ లెక్క తేల్చారు. కొనల ముఖాలు నిటారుగా ఉండాలంటే మోపుల మధ్య ఎడం మొత్తం పొడవులో 0.577 వంతు అన్నాడు ఎయిరీ. పొడవు వీలైనంత తక్కువ తగ్గాలంటే 0.559 అన్నాడు బెస్సెల్. నాకు బెస్సెల్ అంటే ఇష్టం, ఎందుకంటే 1927లో మీటరు నిర్వచనం రాసినవాళ్లు మీటరుకన్నా కాస్త పొడవున్న ప్లాటినం-ఇరిడియం కడ్డీని బెస్సెల్ లెక్కనే 571 మిల్లీమీటర్ల ఎడంలో రెండు మోపుల మీద ఉంచాలని కూడా అందులోనే రాసేశారు. అప్పట్లో మోపు కదిలితే మీటరు మీటరు కాదు!

ఆ లెక్కన పది అడుగుల పడవకు కొన నుంచి రెండడుగుల పైచిల్లర. కయాక్ కొనలు సన్నం కాబట్టి ఇంకాస్త లోపలికి. అయినా చోటు ఒక్కటే చాలదు, ఆనే మేర వెడల్పుగా ఉండాలి. పడవ పక్కకు ఒరిగి ఉండాలి. కాగితం పట్టీని చదునుగా పట్టుకుంటే వాలిపోతుంది, కాస్త వంచి పట్టుకుంటే నిలబడుతుంది. పడవ పక్కకున్న బలం ఆ వంపుదే. కారు మీద కట్టేటప్పుడు కూడా తాడు కదలకుండా ఉంటే చాలు, కిర్రుమనేదాకా లాగకండి.

ఇప్పుడది వరండా నీడలో, పాత మంచం నవారు పట్టీల్లో పక్కకు ఒరిగి వేలాడుతోంది. సొట్టల మీద వేడినీళ్లు పోసి లోపలి నుంచి నెట్టాను. ఒకటి పోయింది. రెండోది సగమే పోయింది.