సమాధి గోడలు, ఛాయాచిత్రములు, మన బోధ

ఐగుప్తు సమాధుల లోపలి గదులను ఛాయాచిత్రముల ఆధారంగా కంప్యూటరులో తిరిగి నిర్మించే పని నేడు విస్తరించింది. ఐరాల వంటి పల్లెల్లోని సంఘములకు కూడా ఈ చిత్రాలు సెల్‌ఫోనుల ద్వారా చేరుతున్నాయి. కనుక వాటిని ఎంతవరకు నమ్మవచ్చునో సేవకులమైన మనము ఎరిగియుండుట అవసరం.

ఈ పద్ధతి పేరు ఫొటోగ్రామెట్రీ. ఒక ఫొటోలోని భాగం తరువాతి ఫొటోలోనూ కనబడేటట్లు గోడను అనేక కోణాల నుండి తీస్తారు. వేర్వేరు ఫొటోలలో కనిపించే ఒకే బిందువు ఎక్కడున్నదో కంప్యూటరు లెక్కగడుతుంది. అట్టి లక్షల బిందువులు కలిసి గోడ ఆకారమవుతాయి. దానిపై ఫొటోలలోని రంగులను పరుస్తారు. అసలు పరిమాణం తెలియాలంటే కొలిచిన దూరం ఒకటైనా ఉండాలి.

శిథిలమైన భాగాలకు పాత ఫొటోలే దిక్కు. 1817లో బెల్జోని కనుగొనిన మొదటి సేతి సమాధి నుండి కొన్ని భాగాలు యూరపు మ్యూజియములకు తరలిపోయాయి. తరువాతి శతాబ్దంలో హ్యారీ బర్టన్ తీసిన ఫొటోలు ఆ సమాధి అప్పటి స్థితికి సాక్ష్యాలు. అయితే నలుపు తెలుపు ఫొటో రంగును చెప్పదు. ఆ లోటును ఊహ పూరిస్తుంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఏది ఆధారము, ఏది ఊహ అన్నది స్పష్టంగా తెలుపవలెనని 2006లో రూపొందిన లండన్ చార్టర్ కోరుతుంది. గ్రీకు నూతన నిబంధన సంపాదకులు సందేహమున్న మాటలను కుండలీకరణములలో ఉంచుట మనకు తెలిసినదే. ఈ నియమమూ అట్టిదే.

రెఖ్మిరె సమాధిలో ఇటుకలు చేయువారి చిత్రమును నిర్గమకాండము 5వ అధ్యాయం బోధించునప్పుడు తరచుగా చూపుతారు. అది దాదాపు 3,400 సంవత్సరముల నాటిది. ఇటుక పని ఎట్లు జరిగెనో అది చక్కగా చూపుతుంది. కాని అందులోనివారు ఇశ్రాయేలీయులని ఆ గోడ చెప్పదు. అక్కడి వ్రాతలు నూబియా, సిరియా ప్రాంతముల చెరపట్టబడినవారిని పేర్కొంటాయి.

మన చిత్తూరు జిల్లా ఇరులబండలోని ప్రాచీన రాతి సమాధులను జనులు పాండవ గుళ్ళు అంటారు. ఆ పేరు వాటిని కట్టినవారెవరో రుజువు చేయదు. ఐగుప్తు గోడకు మనము పెట్టే పేరూ అంతే.

కావున చిత్రమును చూపునప్పుడు మూడు సంగతులు చెప్పుదము: ఇది ఏ సమాధిలోనిది, ఇందులో పూరించిన భాగమేది, ఇది దేనిని రుజువు చేయదు. రేపు విద్యావంతుడైన యౌవనస్థుడు మన మాటను సరిచూచినప్పుడు, చిత్రము విషయమై మనము చెప్పినది తప్పని తేలితే, వాక్యము విషయమై చెప్పినదానినీ అతడు సందేహించును.