పొగాకు సొమ్ముతో బీట్ సంగీతం

1960లలో బ్రిటన్‌లో గిటార్ బృందాలు వీధికొకటిగా పుట్టుకొచ్చాయి. బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, ద హూ పేర్లు నిలిచాయి. ఒకటి రెండు రికార్డులు వేసి చెదిరిపోయిన బృందాలకు మాత్రం లెక్కే లేదు. ఆ దశాబ్దం మొదట్లో లండన్ కుర్రకారుకు ‘మాడ్’ మోజు పట్టింది. ఇటాలియన్ కోత సూట్లు, అమెరికన్ నల్లజాతి గాయకుల సోల్ రికార్డులు, లాంబ్రెటా, వెస్పా స్కూటర్లు ఆ మోజుకు గుర్తులు. మన గుమాస్తాలు ఆఫీసుకు తోలుకెళ్లిన బండే అక్కడ షోకు!

1966–67 నాటికి పాట తీరు మారింది. ఎల్‌ఎస్‌డీ మత్తులో కలిగే భ్రాంతిని ధ్వనిలోకి తేవాలని టేపులు వెనక్కి తిప్పారు, ప్రతిధ్వనులు జోడించారు, సితార్ పట్టారు. అదే సైకెడెలిక్ సంగీతం. క్రియేషన్ బృందంలోని ఎడీ ఫిలిప్స్ ‘మేకింగ్ టైమ్’ (1966)లో వయొలిన్ కమానుతో ఎలక్ట్రిక్ గిటార్ వాయించాడు. ఆ గరగరను తర్వాత గిటారిస్టు జిమ్మీ పేజ్ ప్రపంచమంతా తిప్పి పేరు తెచ్చుకున్నాడు. యాక్షన్ బృందానికి బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ అండ ఉండి కూడా, చేసిన ఐదు సింగిల్స్‌లో ఒక్కటీ హిట్ కాలేదు. టింటర్న్ ఆబీ 1967లో ఒకే ఒక్క రికార్డు వేసి మాయమైంది. దాని మొదటి వైపు పాట పేరు ‘బీసైడ్’. సేకర్తలు వెతికేది మాత్రం రెండోవైపు ‘వాక్యూమ్ క్లీనర్’ కోసం. ఇలాంటి అనామకులను జనానికి వినిపించిన రేడియోలు సముద్రంలోని ఓడల నుంచి ప్రసారమయ్యేవి; వాటి నోరు 1967 ఆగస్టులో చట్టం నొక్కేసింది. ప్రతిభ కొరవడి కాదు, వినిపించే దారి మూసుకుపోయి చాలామంది మరుగునపడ్డారు.

అదే కాలంలో మన దేశంలోనూ ఇంగ్లీషు పాటల బృందాలు కలకత్తా, బొంబాయి, మద్రాసు, బెంగళూరు, షిల్లాంగ్‌లలో కాలేజీలు, హోటళ్ల చుట్టూ పెరిగాయి. వాటికి డబ్బు పెట్టింది ఒక సిగరెట్ కంపెనీ. ఇంపీరియల్ టొబాకో (1970లో ఇండియా టొబాకో, 1974లో ఐటీసీ) తన ‘సిమ్లా’ సిగరెట్ ప్రచారానికి ‘సిమ్లా బీట్’ పోటీలు నడిపింది. 1970, 1971 పోటీల పాటలు రెండు ఎల్‌పీలుగా వచ్చాయి.

ఈ కథకు కృష్ణాతీరంతో ముడి ఇక్కడే పడుతుంది. ఆ కంపెనీ గొడుగు కిందే 1912లో గుంటూరు జిల్లాలో ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ ఏర్పడి, రైతుల నుంచి ఆకు కొనడం మొదలుపెట్టింది. వర్జీనియా ఆకును కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేలాడదీసి, వేడి గొట్టాలతో రోజుల తరబడి మగ్గబెడితే గానీ పసుపు రంగు తేలదు. రాత్రీ పగలూ ఎవరో ఒకరు వేడి చూసుకుంటూ కాపలా కాయాల్సిందే. చీరాల ఐఎల్‌టీడీలో సీజను వచ్చిందంటే ఆకు శుభ్రం చేసే పని ఆడవాళ్లదిగా ఉండేది. వాళ్లు తాకిన ఆకుకూ, షిల్లాంగ్ కుర్రాడి గిటార్‌కూ ఖాతా పుస్తకం ఒకటే.

సిమ్లా బీట్ ఎల్‌పీలలో కలకత్తా గ్రేట్ బేర్, షిల్లాంగ్ ఫెంటోన్స్ బృందాలు వినిపిస్తాయి. కన్‌ఫ్యూజన్స్ వాయించిన ‘వాయిస్ ఫ్రమ్ ది ఇన్నర్ సోల్’ సొంత బాణీ. డైనోసార్స్ ‘సినిస్టర్ పర్పస్’ అమెరికన్ బృందం క్రీడెన్స్ పాటకు అనుకరణ. బ్లాక్ బీట్స్ పాట పేరు ఏకంగా ‘ద మాడ్ ట్రేడ్’. అప్పటికి లండన్‌లో మాడ్‌ల హడావుడి చల్లారిపోయింది. ఫ్యాషన్ ఓడెక్కి వచ్చేసరికి ఆ మాత్రం ఆలస్యం మామూలే.

పొగాకు పండిన కృష్ణాతీరంలోనే ఉన్న విజయవాడ దారి మాత్రం వేరు. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి కేంద్రం లలిత సంగీతానికి నెలవైంది. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులు వెలిశాయి. పాట మీద మోజున్న తెలుగు కుర్రాళ్లు మద్రాసు రైలెక్కారు. ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ ఇక్కడి జనానికి ఎక్కువగా చేరింది గాయని ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్ పాటల వంటి సినిమా పాటల్లోనే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో ఇళయరాజా, గంగై అమరన్ వాయించేవారు. కచేరీల నుంచి వాళ్లు స్టూడియోలకు వెళ్లారు. సినిమా ఉంది గనుక ఆ ట్రూపువాళ్లకు అనామకంగా మిగిలే గతి పట్టలేదు.

బ్రిటిష్ బృందాలను 1984లో మొదలైన ‘రబుల్’ సంకలనాలు మళ్లీ బయటికి తెచ్చాయి. సిమ్లా బీట్ ఎల్‌పీలను విదేశీ లేబుళ్లు పునర్ముద్రించాయి. ఇప్పుడు అవి యూరప్ సేకర్తల అరల్లో ఉన్నాయి.